ఉల్లికోడు ఈగ: రూపం ఒకటి, తెగలు ఏడు

వరి పిలకను కంకి వేయనివ్వకుండా ఉల్లికాడను పోలిన బోలు గొట్టంగా మార్చివేసే చిన్న ఈగను తెలుగు రైతులు ఉల్లికోడు అంటారు. కీటక శాస్త్రంలో దీని పేరు ఓర్సియోలియా ఒరైజే. దోమ కంటే చిన్నదిగా, నారింజ ఎరుపు పొట్టతో, సన్నని పొడవాటి కాళ్ళతో ఉండే ఈ ఈగ పగలంతా దుబ్బుల మొదళ్ళలో దాగి రాత్రివేళ మాత్రమే ఎగురుతుంది కనుక, దాన్ని కళ్ళారా చూసినవారు తక్కువ, దాని వల్ల నష్టపోయినవారు ఎక్కువ. పుట్టగొడుగులనూ బూజునూ తిని బతికే శిలీంధ్రపు ఈగలకు ఇది దగ్గరి బంధువు. ఈ బంధుత్వం ఎలాంటిదో, ఈ ఈగ ఎక్కడెక్కడ వ్యాపించిందో, ఒకే జాతిలో ఎన్ని తెగలుగా చీలిందో తెలుసుకోవడం మ్యూజియాలకు మాత్రమే పరిమితమైన విషయం కాదు. నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్టసీమలోని తరి పొలాల్లో ఏ విత్తనం నిలుస్తుందో, ఏది నిలవదో తేల్చేది ఆ వివరాలే.

ఆడ ఈగ ఆయుష్షు మూడు నుంచి ఐదు రోజులు మాత్రమే అయినా, ఆ కొద్ది రోజుల్లోనే అది వంద నుంచి రెండు వందల వరకు గుడ్లను ఆకుల అడుగుభాగాన, ఆకు మొదలు దగ్గర విడివిడిగానో కొద్ది కొద్దిగానో పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లో గుడ్డు పగిలి బయటపడిన పిల్లపురుగుకు కాళ్ళు ఉండవు. ఆకు మీది మంచు తడిలోనో వాన తడిలోనో పాకుతూ, ఆకు తొడిమల సందుల గుండా పిలక లోపలి మొవ్వు దాకా అది చేరుకోవాలి. తడి పొర లేకపోతే ఆ ప్రయాణం సాగదు, పురుగు దారిలోనే ఎండి చనిపోతుంది. మఖ, పుబ్బ కార్తెల్లో రోజుల తరబడి ముసురు పట్టి ఎండ ముఖం కనిపించకపోతే ఉల్లికోడు పెరుగుతుందని రైతులు చెప్పే మాటకు కారణం ఈ తడి అవసరమే.

మొవ్వును చేరిన పురుగు ఎదుగుదల బిందువు దగ్గర కూర్చుని తింటూ తన లాలాజలంతో అక్కడి కణజాలాన్ని రెచ్చగొడుతుంది. దానితో లోపలి లేత ఆకు మామూలు ఆకుగా విప్పారడం మాని, పురుగు చుట్టూ గదిలా మూసుకుని, తొడిమ భాగం గొట్టంగా సాగడం మొదలుపెడుతుంది. రెండు మూడు వారాలు లోపలే పెరిగిన పురుగు అక్కడే కోశస్థ దశకు చేరుతుంది. అప్పుడే గొట్టం వేగంగా పొడవు పెరిగి, వెండి తెలుపు లేదా లేత ఆకుపచ్చ రంగులో దుబ్బు పైకి కనిపిస్తుంది. కోశం తన పొట్ట మీది ముళ్ళ సాయంతో గొట్టంలో పైకి జరిగి, కొన దగ్గర రంధ్రం చేసుకుని సగం బయటకు వస్తుంది, రాత్రివేళ దాన్ని చీల్చుకుని ఈగ ఎగిరిపోతుంది. అంటే గొట్టం రైతు కంట పడేసరికి లోపలి పురుగు తన పని దాదాపు ముగించుకుని ఉంటుంది. గొట్టాలు చూసిన తరువాత మందు కొట్టడం వల్ల ఆ పిలకలు తిరిగి రావు. ఆ పిలక ఇక కంకి వేయదు, దుబ్బు తన నష్టాన్ని పూడ్చుకోవడానికి కొత్త పిలకలు వేస్తే తరువాతి తరం ఈగలకు అవే ఆహారమవుతాయి. పైరు పిలకల దశ దాటి కంకి రూపుదిద్దుకోవడం మొదలైతే మాత్రం ఈ పురుగు గొట్టాన్ని చేయించలేదు. కాబట్టి ఉల్లికోడు పూర్తిగా నారుమడి, పిలకల దశల చీడ.

ఈ జీవి వంశాన్ని చూడాలంటే ఈగలు, దోమలు చేరిన రెండు రెక్కల కీటకాల వర్గంలో సయారాయిడియా అనే ఉపరికుటుంబం దగ్గరికి వెళ్ళాలి. కొన్ని కుటుంబాలను వాటి ఉమ్మడి పూర్వీకుడిని బట్టి ఒకచోట చేర్చిన సమూహాన్ని ఉపరికుటుంబం అంటారు. శిలీంధ్రపు ఈగలన్నీ ఇందులోనివే. అడవి నేల మీద కుళ్ళిన కర్రల్లో, పుట్టగొడుగుల్లో పెరిగే మైసిటోఫిలిడే కుటుంబం, తడి మట్టిలోనూ పూలకుండీల్లోనూ పుట్టగొడుగుల పెంపక షెడ్లలోనూ కనిపించే నల్లని సయారిడే కుటుంబం, జిగురు దారాలు అల్లి ఎర పట్టే పురుగులున్న కెరోప్లాటిడే కుటుంబం వీటిలో ముఖ్యమైనవి. న్యూజీలాండ్‌లోని వైటోమో గుహల కప్పుల మీద నీలి కాంతితో వెలిగే పురుగులు ఈ కెరోప్లాటిడే వంశానివే. ఇదే ఉపరికుటుంబంలో సిసిడోమియిడే అనే మరో పెద్ద కుటుంబం ఉంది; వరి ఉల్లికోడు ఈగ దానికి చెందుతుంది. 6,600కు పైగా జాతులకు పేర్లు పెట్టిన ఈ కుటుంబంలో ఇంకా పేరు పెట్టనివే ఎక్కువని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. కెనడాలో సేకరించిన కీటకాల డీఎన్ఏను పోల్చి చూసిన బృందమొకటి, ప్రపంచం మొత్తం మీద ఈ ఒక్క కుటుంబంలోనే 18 లక్షల జాతులు ఉండవచ్చని 2016లో అంచనా వేసింది.

సిసిడోమియిడే కుటుంబాన్ని ఆరు ఉపకుటుంబాలుగా విభజిస్తారు. వాటిలో ఐదింటి పురుగులు ఇప్పటికీ శిలీంధ్రాలనే తింటాయి, ఆరో ఉపకుటుంబమైన సిసిడోమియినేలో మాత్రమే పచ్చని మొక్కల మీద బతికే అలవాటు పెద్ద ఎత్తున వచ్చింది. కుళ్ళిన ఆకుల్లోని బూజును తినే పూర్వీకుల నుంచి బతికిన మొక్క కణజాలాన్ని తనకు కావలసిన ఆకారంలోకి మలుచుకోగలిగిన సంతతి పుట్టడం కీటకాల చరిత్రలో అద్భుతమైన మలుపు. శిలీంధ్రం మీదే మిగిలిపోయిన సిసిడోమియిడ్లలోనూ వింతలకు కొదవలేదు. వాటిలో కొన్ని జాతుల పురుగులు రెక్కల ఈగలుగా మారకముందే, పురుగు దశలోనే, తమ శరీరం లోపల మరికొన్ని పురుగులను కంటాయి. ఈ సంగతిని రష్యాలోని కజాన్ విశ్వవిద్యాలయానికి చెందిన నికొలాయ్ వాగ్నర్ 1860లలో ప్రకటించినప్పుడు చాలామంది నమ్మలేకపోయారు.

బంధువులను వేరు చేసి గుర్తించడం కష్టమేమీ కాదు. శిలీంధ్రపు ఈగల పురుగుకు నల్లగా మెరిసే స్పష్టమైన తల ఉంటుంది. ఉల్లికోడు వంటి సిసిడోమియిడ్ పురుగు తల కంటికి ఆననంత చిన్నది. పురుగు పూర్తిగా ఎదిగాక దాని ఛాతీ అడుగున గట్టి పలకలాంటి ఒక భాగం కనిపిస్తుంది. పెద్ద ఈగల్లో చూస్తే సిసిడోమియిడ్ రెక్క మీద నరాలు చాలా తక్కువ, మగవాటి మీసాల కణుపుల చుట్టూ సన్నని ఉచ్చుల వంటి పోగులు ఉంటాయి. శిలీంధ్రపు ఈగల కాళ్ళలో జంఘ భాగం చివర కనిపించే ముళ్ళు వీటికి ఉండవు.

వరి ఈగకు పేరు స్థిరపడడానికి దాదాపు వందేళ్ళు పట్టింది. ఇప్పటి బీహార్‌లోని ముంగేర్ ప్రాంతంలో 1880లో వరిని పాడుచేసిన గుర్తు తెలియని ఈగగా ఇది శాస్త్ర రచనల్లోకి ఎక్కింది. కలకత్తాలోని ఇండియన్ మ్యూజియంలో పనిచేసిన జేమ్స్ వుడ్‌మేసన్ 1889లో దానికి సిసిడోమియా ఒరైజే అని పేరు పెట్టాడు. ఆనాడు ఈ కుటుంబంలోని ఈగలను చాలావరకు సిసిడోమియా అనే ఒకే ప్రజాతిలో పడేసేవారు. ప్రజాతి అంటే అతి దగ్గరి జాతుల గుంపు. ఆ తరువాత ఇది పాకిడిప్లోసిస్ ప్రజాతిలోకి మారి, చాలా కాలం వ్యవసాయ పుస్తకాల్లో ఆ పేరుతోనే కనిపించింది. అమెరికన్ శాస్త్రజ్ఞుడు రేమండ్ గాన్యే 1973లో దీన్ని ఓర్సియోలియా ప్రజాతిలో చేర్చడంతో నేటి పేరు వచ్చింది.

పేరు మార్పు వల్ల ఒక మేలు జరిగింది. ఓర్సియోలియా ప్రజాతిలోని ఈగలన్నీ గడ్డిజాతి మొక్కల్లో గొట్టాలు చేయించేవే. గట్ల మీది గరికలో ఒక జాతి, దర్భగడ్డిలో మరొక జాతి, అరికె వర్గపు గడ్డిలో ఇంకొకటి ఇదే తీరున బతుకుతాయి. అందువల్ల గట్టు మీది గరికలో గొట్టం కనిపించినంత మాత్రాన అది వరిని పట్టే ఈగేనని అనుకోనక్కరలేదు. ఆఫ్రికాలో వరిని పట్టే ఈగను కూడా 1982 వరకు ఆసియా జాతిగానే లెక్కించారు. ఆ ఏడాది హారిస్, గాన్యే ఆ రెండింటి శరీర లక్షణాలను పోల్చి, ఆఫ్రికా ఈగ వేరే జాతి అని తేల్చి దానికి ఓర్సియోలియా ఒరైజివోరా అని పేరు పెట్టారు. ఆసియాలో ఈగను తట్టుకున్న రకం ఆఫ్రికాలో ఎందుకు తట్టుకోలేకపోవచ్చో అర్థం కావడానికి ఈ విభజన తోడ్పడింది.

ఆసియా జాతి వ్యాప్తి భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్, మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం, ఇండోనేషియా, దక్షిణ చైనాల వరకు ఉంది. మన దేశంలో పంజాబ్, హర్యానా, హిమాచల్ ప్రదేశ్, పశ్చిమ ఉత్తరప్రదేశ్ వంటి వాయవ్య ప్రాంతాలు తప్ప వరి పండే రాష్ట్రాలన్నింటా ఇది కనిపిస్తుంది. ఫిలిప్పీన్స్‌లో ఇది లేదు. ఈ ఒక్క లేమి వల్ల భారత వరి పరిశోధనకు పెద్ద బాధ్యత వచ్చిపడింది. ఎందుకంటే 1960లలో ఐఆర్ 8 వంటి పొట్టి రకాలను రూపొందించిన అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఫిలిప్పీన్స్‌లోనే ఉంది, అక్కడి పొలాల్లో ఈ ఈగకు ఏ రకం లొంగుతుందో చూసే వీలే లేదు. కొత్త రకాలు ఇక్కడికి వచ్చి ఎరువు బలంతో విపరీతంగా పిలకలు వేసినప్పుడు ఉల్లికోడుకు పండగైంది. 1965లో హైదరాబాద్ కేంద్రంగా మొదలైన అఖిల భారత సమన్వయ వరి అభివృద్ధి పథకమూ, వరంగల్ వరి పరిశోధన కేంద్రమూ, కటక్‌లోని కేంద్ర సంస్థా ఈగను తట్టుకునే మొక్కల కోసం వెతకవలసి వచ్చింది.

ఆ వెతుకులాటలో తెలుగు నేల పాత్ర పెద్దది. ఈశ్వరకోర అనే దేశీ రకాన్ని ఎంటీయూ 15తో సంకరం చేసి వరంగల్‌లో తీసిన డబ్ల్యూ 1263 అనే వంగడం ఈగను బలంగా తట్టుకుంది, దేశమంతటా సంకరాలకు మూలంగా ఉపయోగపడింది. సయాం 29 అనే విదేశీ రకం నుంచి మరో విధమైన నిరోధకత దొరికింది. దాన్ని ఐఆర్ 8తో కలిపి తీసిన ఫల్గుణ రకం 1977లో విడుదలై ఆంధ్రప్రదేశ్‌లో విస్తారంగా సాగైంది. ఉల్లికోడు కథ ఇక్కడితో ముగిసిందని ఆనాడు అనుకుని ఉంటే తప్పుపట్టలేము. అయితే 1980ల మధ్యలో శ్రీకాకుళం ప్రాంతంలో ఫల్గుణ పొలాల్లోనే గొట్టాలు గుంపులుగా లేచాయి. ఈగ రూపం మారలేదు, పేరు మారలేదు, సూక్ష్మదర్శిని కింద తేడా ఏమీ కనిపించలేదు. దాని తినే సామర్థ్యం మాత్రం మారింది.

ఇలా ఒకే జాతిలో, ఒకే రూపంలో ఉంటూ, ఏ రకం మొక్కను గెలవగలదన్న లక్షణంలో మాత్రమే తేడాపడిన తెగను బయోటైపు అంటారు. భారతదేశంలో ఉల్లికోడు ఈగకు ఏడు బయోటైపులు నమోదయ్యాయి. కలోడే, బెంతూర్ అనే శాస్త్రజ్ఞులు 1989లో ప్రచురించిన పరిశీలన ఈ వర్గీకరణకు స్పష్టమైన రూపం ఇచ్చింది. కొలబద్ద చాలా సరళమైనది. డబ్ల్యూ 1263, ఫల్గుణ, ఏఆర్‌సీ 5984, దేనినీ తట్టుకోలేని టీఎన్ 1 అనే నాలుగు రకాల మొక్కలను ఈగకు ఎర వేసి, ఏయే మొక్కల్లో గొట్టాలు వచ్చాయో చూస్తారు. మొదటి బయోటైపు టీఎన్ 1ను మాత్రమే పట్టగలదు. రెండోది డబ్ల్యూ 1263ను కూడా పడుతుంది గాని ఫల్గుణను పట్టలేదు, మూడోది అందుకు తలకిందులు. నాలుగోది ఆ రెండింటినీ పట్టి ఏఆర్‌సీ 5984 దగ్గర ఆగిపోతుంది. 4ఎం అని పిలిచే తెగ ఆ మూడింటినీ దాటిపోయింది. ఐదోది కేరళలోని మొంకొంపు ప్రాంతానికీ, ఆరోది మణిపూర్‌కూ చెందినవి.

ఈ ఏడింటిలో నాలుగు తెలుగు రాష్ట్రాల్లోనే ఉన్నాయి. హైదరాబాద్ పరిసరాల్లో మొదటిది, జగిత్యాలలో మూడోది, శ్రీకాకుళంలో నాలుగోది, వరంగల్‌లో 4ఎం గుర్తింపు పొందాయి. డబ్ల్యూ 1263 పుట్టిన వరంగల్ నేల మీదే దాన్ని గెలిచిన తెగ స్థిరపడడం గమనించదగినది. జాతి వ్యాప్తిని చూపించే దేశ పటంలో తెలంగాణ అంతా ఒకే రంగులో కనిపిస్తుంది, బయోటైపుల పటంలో మాత్రం వంద నూట యాభై కిలోమీటర్లకే రంగు మారిపోతుంది. రైతుకు కావలసింది ఈ రెండో పటం.

తెగ మారడానికి కారణం మొక్కకూ ఈగకూ మధ్య జన్యువు స్థాయిలో నడిచే పోటీ. వరిలో ఉల్లికోడును నిరోధించే జన్యువులు పదకొండుకు పైగా తెలిశాయి. డబ్ల్యూ 1263లో ఉన్నది మొదటి జన్యువు, ఫల్గుణలో ఉన్నది రెండోది. ఫల్గుణ మొవ్వులో పురుగు నోరు పెట్టగానే ఆ చుట్టూ ఉన్న కణాలు తమంతట తామే గోధుమ రంగుకు మారి చనిపోతాయి, ఆహారం అందక పురుగు కొద్ది రోజుల్లో నశిస్తుంది. డబ్ల్యూ 1263లో అలా కణాలు మాడకుండానే పురుగు చనిపోతుంది. ఫల్గుణను గెలిచే శక్తి ఈగలో ఒకే ఒక్క జన్యువు మార్పు వల్ల వస్తుందని, అది లింగ క్రోమోజోము మీద ఉండే అంతర్గత జన్యువని పరిశోధనల్లో తేలింది. ఆడ ఈగలో ఆ మార్పు రెండు ప్రతుల్లోనూ ఉంటేనే ప్రభావం చూపుతుంది, మగ ఈగలో ఆ క్రోమోజోము ఒక్కటే కనుక ఒక్క ప్రతి చాలు. ఇలాంటి మార్పు తక్కువ సంఖ్యలో ఎప్పుడూ ఎక్కడో ఒకచోట దాగి ఉంటుంది. ఒకే రకం వేల ఎకరాల్లో ఏళ్ళ తరబడి సాగైతే మిగతా ఈగలన్నీ చచ్చి, ఆ మార్పు ఉన్నవి మాత్రమే సంతానాన్ని మిగుల్చుకుంటాయి. గోధుమను పట్టే హెస్సియన్ ఈగ కూడా సిసిడోమియిడే కుటుంబానిదే. అమెరికాలో అది కొత్త రకాలను ఒక్కొక్కటిగా గెలుస్తూ వచ్చిన క్రమం కూడా ఇలాంటిదే.

ఉత్తర తెలంగాణ జిల్లాలను ఉల్లికోడుకు స్థావరాలుగా చాలాకాలంగా పరిగణిస్తున్నారు. దక్షిణాన ఉన్న నల్గొండ, మహబూబ్‌నగర్ సహజంగా దానికి అంత అనుకూలమైనవి కావు. వాన తక్కువ, గాలిలో తేమ తక్కువ, ఎర్ర దుబ్బ నేలల్లో జొన్న, ఆముదం, కంది వంటి ఖుష్కి పంటలు ఎక్కువ. చెరువుల కింద, కుంటల కింద ఉన్న కొద్దిపాటి తరి మాత్రమే ఒకప్పుడు వరికి నెలవు. 1967లో నాగార్జునసాగర్ కాల్వలకు నీరు వదిలాక హాలియా, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల్లో లక్షల ఎకరాలు వరి మడులయ్యాయి. పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు కోయిల్‌సాగర్, జూరాల, ఆ తరువాత ఎత్తిపోతల పథకాలు అదే మార్పును మరింత పశ్చిమానికి తీసుకెళ్ళాయి. మెట్ట మధ్యలో ఎక్కడ నీరు పారితే అక్కడ, ఈగ పిల్లపురుగుకు కావలసిన తడి ఆకు, లేత పిలక రెండూ దొరుకుతాయి.

ఈ సీమకు ప్రత్యేకమైన చిక్కు నాట్ల కాలంలో ఉంది. బోరు కింద ఉన్న రైతు వానాకాలం మొదట్లోనే నాటు వేస్తాడు, చెరువు కింది రైతు చెరువు నిండేదాకా ఆగుతాడు, సాగర్ ఎడమ కాల్వ కింది రైతు కృష్ణకు వరద వచ్చి నీరు వదిలేదాకా ఎదురుచూస్తాడు. వరద ఆలస్యమైన ఏడాది నాట్లు ఆగస్టు చివరికీ సెప్టెంబరుకూ జరుగుతాయి. అంటే ఒకే మండలంలో మూడు నెలల పాటు ఎక్కడో ఒకచోట పిలకల దశలో ఉన్న పైరు ఈగకు దొరుకుతూనే ఉంటుంది. ముందు నాటిన పొలంలో పుట్టిన తరం వెనుక నాటిన పొలానికి తరలిపోతుంది, ఆ వేళకు ముసురు కూడా తోడైతే చివర నాటినవారే అందరి నష్టాన్నీ మోస్తారు. ఒకే చెరువు కింది ఆయకట్టులో నాట్లన్నీ రెండు మూడు వారాల్లో ముగించుకోగలిగితే అది ఏ పురుగుమందు కంటే బలమైన రక్షణ. వేసవిలో ఈగ పూర్తిగా మాయం కాదు. కోసిన కొయ్యకాళ్ళ నుంచి తిరిగి చిగిర్చిన పిలకల్లో, రాలిన గింజ మొలకల్లో, చెరువు అంచుల్లో పెరిగే అడవి వరిలో అది తక్కువ సంఖ్యలో బతికి ఉంటుంది.

దీనికి సహజ శత్రువూ ఉంది. ప్లాటిగాస్టర్ ఒరైజే అనే అతి చిన్న నల్లని కందిరీగ ఉల్లికోడు గుడ్డులోనే తన గుడ్డును పెడుతుంది. ఆ ఒక్క గుడ్డు పలుమార్లు విడిపోయి, ఒకే పురుగు శరీరంలో ఎన్నో కందిరీగ పిల్లలుగా పెరుగుతుంది. సీజను చివరలో కోసి చూసిన గొట్టాల్లో ఎక్కువ భాగం ఈ కందిరీగలే ఉండడం మామూలు. నాటిన తొలినాళ్ళలో విచక్షణ లేకుండా మందులు చల్లితే ముందుగా పోయేది ఈ కందిరీగే.

నల్గొండ ప్రాంతపు రైతులకు ప్రీతిపాత్రమైన సాంబ మసూరి ఉల్లికోడును తట్టుకోలేదు. రుచికీ సన్నదనానికీ దానికి మార్కెట్ ఉన్నంత కాలం రైతు దాన్ని వదలడు, వదలమని చెప్పడం న్యాయమూ కాదు. ఆ రకం గుణాలను అలాగే ఉంచి నిరోధక జన్యువులను చేర్చడమే దారి. అప్పుడు కూడా ఒక్క జన్యువును చేర్చితే ఫల్గుణ అనుభవమే మళ్ళీ ఎదురవుతుంది. రెండు మూడు జన్యువులను ఒకే మొక్కలో కూర్చితే, వాటన్నింటినీ ఒకేసారి గెలిచే మార్పులు ఒక్క ఈగలో కలవడం చాలా అరుదు. హైదరాబాద్‌లోని భారత వరి పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు డీఎన్ఏ గుర్తుల సాయంతో నాలుగో జన్యువునూ ఎనిమిదో జన్యువునూ డీఆర్ఆర్‌హెచ్ 3 అనే హైబ్రిడ్ వరి పితృవంశంలో కలిపి చూపించారు. ఆర్‌పీ 2068 అనే వంగడంలోని మూడో జన్యువు 4ఎం తెగను కూడా ఆపగలదు. అయితే ఆ జన్యువు అంతర్గతమైనది కావడం వల్ల తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చినప్పుడే పనిచేస్తుంది, అందుకే దానితో సంకరాలు చేయడానికి ఓపిక ఎక్కువ కావాలి.

విత్తన సంచి మీద ఉల్లికోడును తట్టుకుంటుందని మాత్రమే రాస్తే అది సగం సమాచారమే, ఏ బయోటైపును తట్టుకుంటుందో కూడా చెప్పాలి. హైదరాబాద్‌కూ వరంగల్‌కూ దక్షిణాన ఉన్న నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల పొలాల్లో తెగలు ఏ ఏటికి ఎలా ఉన్నాయో అక్కడి మొక్కల మీదే చూడాలి. నల్గొండ వైపు కంపాసాగర్, పాలమూరు వైపు పాలెం పరిశోధన కేంద్రాల్లోనూ, మిర్యాలగూడ, వనపర్తి లాంటి చోట్ల రైతుల పొలాల్లోనూ ప్రతి వానాకాలం డబ్ల్యూ 1263, ఫల్గుణ, ఏఆర్‌సీ 5984, ఆర్‌పీ 2068, టీఎన్ 1 రకాలను పక్కపక్క వరుసల్లో కావాలనే ఆలస్యంగా నాటాలి. మందు చల్లకుండా వదిలి, నాటిన 30వ రోజునా 50వ రోజునా ఏ వరుసలో ఎన్ని పిలకలు గొట్టాలుగా మారాయో లెక్కించాలి. టీఎన్ 1లో మాత్రమే గొట్టాలుంటే అక్కడ ఉన్నది మొదటి బయోటైపు, మొదటి నాలుగు రకాల్లో ఆర్‌పీ 2068 ఒక్కటే శుభ్రంగా నిలిచి మిగతా మూడూ లొంగిపోతే వరంగల్ తెగ అక్కడిదాకా చేరినట్టు.